పిల్ల పాము తిండి ముట్టకపోతే ఏం కొనాలి? థర్మోస్టాట్, పింకీలు, సెంట్ సీసా, పింకీ పంప్‌లపై సమీక్ష

గుడ్డులోంచి కొత్తగా వచ్చిన కార్న్ స్నేక్ పిల్ల బరువు 6, 7 గ్రాములు. బాల్ పైథాన్ పిల్లయితే 50 నుంచి 70 గ్రాములు. ఇంత చిన్న ప్రాణి రెండు మూడు వారాలు తిండి వైపు చూడకపోతే ఇంట్లో వాళ్లు కంగారుపడతారు. ఆ కంగారులో పెట్ షాపుకు వెళ్తే ముందుగా చేతికొచ్చేవి సెంట్ సీసా (ఎరకు వేరే వాసన పట్టించే ద్రవం), పింకీ పంప్ (ఎరను ముద్ద చేసి గొంతులోకి నెట్టే సిరంజి). నిజానికి ఈ రెండూ అన్నిటికన్నా చివర్లో ఆలోచించాల్సినవి. డబ్బు ముందు వేడి మీద, దాగే చోటు మీద పెట్టాలి, ఆ తర్వాత మంచి ఫ్రోజెన్ పింకీల మీద, అంటే గడ్డకట్టించిన చిట్టెలుక పిల్లల మీద. ఈ సమీక్షా అదే వరుసలో సాగుతుంది. ధరలు అమెరికా లెక్కలో, సుమారుగా ఇచ్చాం.

ఒక ముఖ్యమైన విషయం. ఇది అమెరికా, బ్రిటన్ లాంటి చోట్ల చట్టబద్ధంగా పాము పెంచుకునే వాళ్ల కోసం. మన దేశంలో నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి స్థానిక పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతి సైట్స్ (ముప్పున్న జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి, 2022 సవరణ వచ్చాక దాని వివరాలు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఆస్ట్రేలియాలో కార్న్ స్నేక్, బాల్ పైథాన్ రెండూ నిషేధం. అమెరికాలోనే అయినా హవాయిలో ఏ పామునూ పెంచుకోకూడదు.

ఏదైనా కొనేముందు పిల్ల వయసు చూడండి. పుట్టిన వారం పది రోజులకు అది తొలి కుబుసం విడుస్తుంది. అప్పటిదాకా కడుపులో మిగిలిన పచ్చసొన చాలు, తిండి పెట్టినా ముట్టదు. కొత్తగా ఇంటికి తెచ్చిన పిల్లకు వారం రోజులు తిండి చూపించవద్దు, చేత్తో ఎత్తవద్దు. కళ్లు పాలనీలంగా మారితే మళ్లీ కుబుసం విడవబోతోందని అర్థం, అప్పుడూ చాలా పిల్లలు తినవు. ఇంకా పాము కొనని వాళ్లయితే ఒక్కటే చూడండి: ఫ్రోజెన్ ఎలుకల్ని వరసగా మూడు నాలుగు సార్లు తానుగా తిన్నట్టు తేదీలతో రాసిచ్చే పెంపకందారు దగ్గరే కొనండి. 20 డాలర్లు ఎక్కువైనా సరే. కింద చెప్పే సరుకులో సగం అవసరమే రాదు.

థర్మోస్టాట్: ముందు కొనాల్సింది ఇదే

పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలంటే బయటి నుంచి వేడి అందాలి. చల్లటి డబ్బాలో ఉన్న పిల్ల తిననిది మొండితనంతో కాదు. తింటే ఆ మాంసం కడుపులోనే కుళ్లుతుంది, కక్కేస్తుంది. కార్న్ స్నేక్‌కు వెచ్చటి మూలలో నేల 29, 30 డిగ్రీల సెల్సియస్, చల్లటి మూలలో 22 నుంచి 24 ఉండాలి. బాల్ పైథాన్‌కు వెచ్చటి మూల 31, 32, చల్లటి మూల 25, 26, గాలిలో తేమ 60 శాతం దాకా.

డబ్బా అడుగున పెట్టే హీట్ మ్యాట్‌ను నేరుగా ప్లగ్‌లో పెడితే ఈ అంకెలు నిలవవు. పైన పరిచిన పొర మందంగా ఉంటే వేడి బయటికి పోదు. నేల 45 డిగ్రీలు దాటి పాము పొట్ట కాలుతుంది. థర్మోస్టాట్ (వేడిని మనం పెట్టిన అంకె దగ్గర నిలిపే పరికరం) లేని మ్యాట్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

మ్యాట్‌కు ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 అనే థర్మోస్టాట్ సరిపోతుంది. ధర 35 డాలర్ల చుట్టుపక్కల. ఒక సెన్సర్ వైరు, రెండు ప్లగ్ పాయింట్లు ఉంటాయి, ఒకటి వేడికి, రెండోది చల్లదనానికి. మ్యాట్‌ను వేడి పాయింట్‌లోనే పెట్టాలి. ఇది కరెంటును పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ చేసే రకం. మ్యాట్‌కు ఇబ్బంది లేదు కానీ, వెలుగిచ్చే బల్బుకు పెడితే ఆరుతూ వెలుగుతూ పిల్లను బెదరగొడుతుంది. హెర్ప్‌స్టాట్ అనే మరో థర్మోస్టాట్ ధర దీనికన్నా చాలా ఎక్కువ, అయితే కరెంటును కొంచెం కొంచెంగా తగ్గించి పెంచే రకం కాబట్టి వేడి గీత గీసినట్టు నిలుస్తుంది. ఒక్క కార్న్ స్నేక్ కోసం అంత పెట్టక్కర్లేదు. బాల్ పైథాన్‌కు, పైగా చలి ఎక్కువుండే రాష్ట్రంలో, పెట్టిన డబ్బు దండగ కాదు. బ్రిటన్‌లో ఎక్కువగా వాడేది హాబిస్టాట్.

వస్తువు మంచిదైనా సెన్సర్ తప్పు చోట పెడితే ఫలితం ఉండదు. గాలిలో వేలాడదీస్తే గది చల్లగా ఉందనుకుని మ్యాట్‌ను కాలుస్తూనే ఉంటుంది. డబ్బా అడుగుకూ మ్యాట్‌కూ మధ్య టేపుతో అంటించండి. లోపల పాము పడుకునే చోట నేల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసి, దాన్ని బట్టి థర్మోస్టాట్ అంకె సరిచేయండి. గాజుకు అంటించే గుండ్రటి ముల్లు మీటర్లు గాజు పక్కనున్న గాలిని కొలుస్తాయి, పాము పొట్ట కిందున్న నేలను కాదు. వాటి మీద డబ్బు పెట్టకండి.

దాగే చోటుకు షాపు సరుకు అక్కర్లేదు

పెద్ద గాజు తొట్టె చూడ్డానికి బాగుంటుంది, పిల్ల పాముకు మాత్రం అది నలువైపులా శత్రువు కనిపించే మైదానం. పశ్చిమాఫ్రికాలో బాల్ పైథాన్ రోజులో ఎక్కువసేపు ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో గడుపుతుంది. ఒళ్లు చుట్టూ తగులుతూ ఉంటేనే దానికి నిబ్బరం. ఆరు లీటర్ల ప్లాస్టిక్ షూ డబ్బా తీసుకుని పక్కలకు గాలి రంధ్రాలు చేయండి. లోపల వెచ్చటి మూలలో ఒకటి, చల్లటి మూలలో ఒకటి, పెరుగు కప్పులు బోర్లించి పక్కన చిన్న కన్నం కోయండి. చుట్టుకుని పడుకున్న పిల్లకు కప్పు గోడ ఆనుకునేంత ఇరుకుగా ఉండాలి. ఒక్క కప్పే పెడితే అది వేడికీ భద్రతకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. వేడి, దాగే చోటు సరిచేశాక వారం ఆగి పింకీ పెడితే తినేసే పిల్లలు చాలా ఉంటాయి. 25 డాలర్ల సిమెంటు గుహలు అందానికే.

ఫ్రోజెన్ పింకీలు: ఏ సైజు, ఎక్కడ కొనాలి

పింకీ అంటే అప్పుడే పుట్టిన, వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్ల, 1 నుంచి 3 గ్రాములు. సన్నటి నూగు వచ్చాక ఫజీ, 3 నుంచి 6 గ్రాములు. కళ్లు తెరిచి గెంతే వయసుది హాపర్, 7 నుంచి 12 గ్రాములు. ప్యాకెట్ మీద పింకీ అని మాత్రమే ఉంటే కొనకండి. 6 గ్రాముల కార్న్ పిల్లకు 3 గ్రాముల పింకీ తన బరువులో సగం. చూసి వెనక్కి తగ్గుతుంది, ఒకవేళ మింగినా కక్కుతుంది. చిన్న పింకీ లేదా ఒక రోజు వయసుది అని విడిగా రాసి ఉన్న ప్యాకెట్ తీసుకోండి. 60 గ్రాముల బాల్ పైథాన్‌కు ఎర దాని బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, అంటే 6 నుంచి 9 గ్రాములు. ఎలుక పిల్ల కన్నా హాపర్ చిట్టెలుకనే ఇది త్వరగా పట్టుకుంటుంది. కార్న్‌కు పెట్టే పింకీని దీనికి పెడితే అసలు తిండిగానే గుర్తించకపోవచ్చు.

పెద్ద పెట్ షాపుల్లో ఒక్కో పింకీ 2, 3 డాలర్లు. ఫ్రీజర్‌లో ఎన్నాళ్లుగా ఉందో తెలియదు. ప్యాకెట్‌లో మంచు పలుకులు పేరుకుని, చర్మం బూడిద రంగుకో గోధుమ రంగుకో తిరిగిందంటే ఎండిపోయిన సరుకు. దాని వాసన మారిపోతుంది, వాసన మీదే బతికే పిల్లకు అది తిండిలా తోచదు. మంచి పింకీ గులాబీ రంగులో ఉంటుంది, చర్మం చిట్లదు, పొట్టలో తాగిన పాలు తెల్లటి మచ్చలా బయటికే కనిపిస్తాయి. ఫీడర్ ఎలుకలే (ఎర కోసం పెంచేవి) అమ్మే ఆన్‌లైన్ సంస్థల సరుకు ఈ విషయంలో చాలా మెరుగు. 50, 100 చొప్పున సంచుల్లో డ్రై ఐస్‌తో పంపుతారు, ఒక్కోటి డాలరు లోపే పడుతుంది. రవాణా ఖర్చు మాత్రం 20 డాలర్ల పైనే. ఒక్క పాముంటే మరో పెంపకందారుతో కలిసి తెప్పించుకోవడమో, రెప్టైల్ ఎక్స్‌పోకు (సరీసృపాల ప్రదర్శన, అమ్మకం జరిగే చోటు) ఐస్ పెట్టె పట్టుకెళ్లి కొనుక్కోవడమో మేలు. ఆరు నెలల్లో అయిపోయేంతే కొనండి.

ఈ సరుకులో అసలు ప్రమాదం పాముకు కాదు, మనకు. గడ్డకట్టించినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు. ఫ్రోజెన్ ఎలుకల నుంచి మనుషులకు జబ్బు సోకిన సందర్భాలు అమెరికాలో 2010లోనూ 2014లోనూ బయటపడ్డాయి, బ్రిటన్‌లోనూ ఉన్నాయి. వంటింటి ఫ్రిజ్‌లో, తిండి పదార్థాల పక్కన వీటిని ఉంచకండి. శాకాహారం వండుకునే ఇంట్లో అయితే ఈ గొడవ వేరే రకంగానూ మొదలవుతుంది. గ్యారేజీలో చిన్న ఫ్రీజర్ పెట్టుకుంటే రెండూ తీరతాయి. గిన్నె, పట్టకారు దీనికి విడిగా ఉండాలి. చేతులు సబ్బుతో కడగాలి. ఐదేళ్లలోపు పిల్లల్ని ఈ పనికి దగ్గరికి రానివ్వకూడదు.

కరిగించడం ఇలా. పింకీని జిప్ సంచిలో వేసి గాలి తీసేసి, చన్నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. పొట్ట నొక్కితే లోపల గట్టిగా తగలకూడదు. తర్వాత 45 డిగ్రీల వేడి నీళ్లలో రెండు మూడు నిమిషాలు. మరిగే నీళ్లు పోసినా మైక్రోవేవ్‌లో పెట్టినా చర్మం ఉడికి పొట్ట పగులుతుంది. బాల్ పైథాన్ పెదవుల వెంట వేడిని పసిగట్టే గుంటలుంటాయి కాబట్టి హాపర్ ఒళ్లు 37, 38 డిగ్రీలు ఉండాలి, తల ఇంకాస్త వెచ్చగా ఉంటే మంచిది. పెట్టేముందు తలకు హెయిర్ డ్రయర్ గాలి అర నిమిషం తగిలించండి. కార్న్ స్నేక్‌కు ఆ గుంటలు లేవు, దానికి వాసనే ముఖ్యం. అందుకే ఎంత వేడి చేసినా లొంగని కార్న్ పిల్ల, వాసన లేని సబ్బుతో కడిగి బాగా జాడించిన పింకీని ఒక్కోసారి చటుక్కున మింగేస్తుంది.

పెట్టే వేళ సాయంత్రం, దీపాలు తగ్గించాక. కార్న్ పిల్లకైతే కప్పు కన్నం దగ్గర పింకీని ఉంచి వెళ్లిపోండి. బాల్ పైథాన్‌కు హాపర్‌ను తోక వైపు పట్టుకుని, తల ముందుకు వచ్చేలా నేలకు దగ్గరగా, పక్కనుంచి తీసుకెళ్లండి. పైనుంచి దించితే గద్ద వచ్చినట్టే. మూతికి తగిలించి పొడవకండి. 15 నిమిషాల్లో పట్టకపోతే అక్కడే వదిలేసి, పొద్దున్న చూసి మిగిలితే పారేయండి. మళ్లీ గడ్డకట్టించి పెట్టకూడదు. తర్వాతి ప్రయత్నం 5 నుంచి 7 రోజులకే. రోజూ చూపించడం ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు. ఆ వాసన పిల్లకు బెదురుతో ముడిపడిపోతుంది.

డెలీ కప్పు: అర డాలరు పనిముట్టు

మొత్తం సామగ్రిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ పని చేసేది ఇదే. అర లీటరు మూత డబ్బా, 16 ఔన్సులని రాసి ఉంటుంది. పక్కలకు పది పన్నెండు సన్న రంధ్రాలు చేసి, అడుగున పొడి పేపర్ టవల్ వేసి, పింకీనీ పిల్లనూ లోపల ఉంచి మూత పెట్టండి. దాన్ని పాము డబ్బాలోనే 26, 27 డిగ్రీలున్న చోట రాత్రంతా వదిలేయండి. మ్యాట్ మీద నేరుగా పెట్టకూడదు, తప్పించుకోవడానికి చోటు లేక పిల్ల కాలిపోతుంది. ఇరుకులో భయం తగ్గుతుంది, పింకీ వాసన చిక్కబడుతుంది. కార్న్, కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్ పిల్లలకు బాగా కలిసొచ్చే పద్ధతి. ఇదీ కుదరకపోతే పింకీ తల మీద గుండుసూదితో గుచ్చి మెదడు కాస్త బయటికి వచ్చేలా చేయండి. చూడ్డానికి బాగుండదు కానీ ఆ వాసనకు చాలా పిల్లలు లొంగుతాయి.

పట్టకారు విషయంలో ఆలోచించాల్సింది తక్కువ. 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు, కొనలకు రబ్బరు తొడుగు లేదా వెదురు. పళ్లున్న మొన స్టీలుది వద్దు, పాము ఎగబడినప్పుడు నోరు చీరుకుపోతుంది. 10 డాలర్లు.

సెంట్ సీసాలు

ఇవి పూర్తిగా మోసం కావు, కానీ ఎప్పుడు పనికొస్తాయో తెలిసి కొనాలి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో కార్న్ స్నేక్ పిల్లలు మొదట తినేది ఎలుకల్ని కాదు, అనోల్ అనే చిన్న తొండల్నీ చెట్టు కప్పల్నీ. హాగ్‌నోస్ అనే పాము జాతికి గోదురు కప్పలంటే ప్రాణం. అలాంటి పిల్లకు చిట్టెలుక వాసన తిండి వాసన కాదు. పింకీకి బల్లి వాసన పట్టిస్తే తిండి గుర్తుకొస్తుంది. బాల్ పైథాన్ మాత్రం ఎలుకల్నీ పక్షుల్నీ తినే పాము, దానికి బల్లి సెంట్ దండగ. ఎలుక నుంచి చిట్టెలుకకు మార్చడమో, చిట్టెలుకలు పడుకున్న రంపపు పొట్టులో ఎరను పొర్లించడమో చాలు.

సీసా ద్రవాల్లో నాణ్యత ఒక్కలా ఉండదు. మూత తీశాక వాసన తగ్గిపోతుంది, ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వీటికన్నా ఫీడర్ షాపుల్లో దొరికే ఫ్రోజెన్ అనోల్ నయం. ఒక్క దాన్ని కరిగించి పింకీ మూతికి రుద్దడమే కాక, తోక ముక్క కోసి పింకీ నోట్లో పెట్టొచ్చు. టెక్సస్, ఫ్లోరిడా ఇళ్ల గోడల మీద తిరిగే బల్లిని పట్టి వాడేవాళ్లున్నారు. అందులో పరాన్నజీవులుంటాయి, కనీసం నెల రోజులు గడ్డకట్టించకుండా వాడొద్దు. హాగ్‌నోస్‌కు నీళ్లలో నిల్వ చేసిన, ఉప్పు కలపని ట్యూనా లేదా సాల్మన్ డబ్బా రసం రెండు డాలర్లకే వస్తుంది, ఫలితం సీసాకేమీ తీసిపోదు. ఏదైనా ఒక్క చుక్క, అదీ మూతి దగ్గరే. పింకీని ముంచి తీస్తే పిల్ల పారిపోతుంది.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పాలు పట్టమంటారు. పాముకు పాలు ఆహారం కాదు, అరగవు. దాహమైన పాము ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉంచండి.

పింకీ పంప్: కొనకండి

ఇది లోహపు సిరంజి. పింకీని లోపల వేసి నొక్కితే ముద్దై గొట్టంలోంచి పాము గొంతులోకి పోతుంది. 6 గ్రాముల పిల్ల గొంతు పెన్సిల్ కన్నా సన్నం. గొట్టం అంచు గీసుకుంటే చీరుకుపోతుంది, నోట్లో ముందుగా కనిపించే గాలిగొట్టంలోకి ముద్ద పోతే ఊపిరాడక చస్తుంది. ఎముక ముక్క అడ్డుపడి, గట్టిగా నొక్కగానే ఒక్కసారిగా మొత్తం దిగిపోవడం ఇంకో ప్రమాదం. అనుభవమున్న డాక్టరు చేతిలో దీనికి చోటుంది, ఇంట్లో లేదు.

ఆ డబ్బులో నాలుగో వంతు పెట్టి 0.1 గ్రాము చూపించే తూకం కొనండి. వారానికోసారి పిల్లను మూత కప్పులో పెట్టి తూచి రాసుకోండి. తినకపోయినా బరువు నిలకడగా ఉంటే, ముఖ్యంగా బాల్ పైథాన్ విషయంలో, ఓపిక పట్టొచ్చు. బరువు పదో వంతు తగ్గినా, వెన్నుపూస గట్టుగా పైకి తేలినా, నోట్లో నురగ, ఊపిరిలో ఈల, దుర్వాసన విరేచనం కనిపించినా ఇక షాపు సరుకుతో పని లేదు. సరీసృపాల పశువైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో డాక్టర్ల జాబితా దొరుకుతుంది. పింకీ మూతిని పాము నోట్లో ఉంచి, దాని వంకర పళ్లకు పట్టుకోగానే కింద పెట్టి కదలకుండా ఉండే పద్ధతి పంప్ కన్నా చాలా నయం. అది కూడా మొదటిసారి డాక్టరు చేసి చూపిస్తేనే మీరు చేయండి.

మొదటిసారి తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి. కక్కితే 10 నుంచి 14 రోజులు ఆపి, తర్వాత సగం సైజు పింకీ పెట్టండి. నిలిచిందంటే వచ్చే మూడు సార్లూ అదే సైజు, అదే వేళ, అదే పద్ధతి. సెంట్‌తో మొదలెట్టిన పిల్లకు నాలుగోసారి నుంచి వాసన తగ్గిస్తూ రండి. ముందు మూతికి మాత్రమే, తర్వాత వేలి కొనకు అంటినంత, చివరికి ఉత్త పింకీ. మధ్యలో ఒకసారి మానేస్తే మళ్లీ ఒక మెట్టు వెనక్కి.